నారాయణ గురు: గుళ్లు కట్టి, గుళ్లను దాటిన సన్యాసి

1917లో కేరళలో ఒక సన్యాసి తన అనుచరులకు ఒక సందేశం ఇచ్చారు. ఇకమీదట గుళ్లు కట్టడాన్ని ప్రోత్సహించవద్దన్నారు. గుడికి పోసిన డబ్బంతా దండగైపోయిందని జనం రేపు బాధపడే రోజు రావచ్చన్నారు. అసలైన దేవాలయం బడే కావాలి, చందాలు వసూలు చేసేదేదో బళ్ల కోసం చేయండి అన్నారు. శుచీ శుభ్రతా నేర్పడానికి గుడి పనికొస్తుందని ఒప్పుకుంటూనే, గుళ్ల వల్ల కుల భేదం పోతుందనుకున్నాం గానీ అనుభవం అందుకు పూర్తిగా వ్యతిరేకంగా ఉంది, గుడి కుల భేదాన్ని పెంచుతోంది అని తేల్చేశారు.

ఈ మాట అన్నది దేవుడు లేడనే హేతువాది అయితే ఆశ్చర్యపోవాల్సింది లేదు. అన్నది నారాయణ గురు. అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి స్వయంగా విగ్రహ ప్రతిష్ఠలు చేస్తూ వచ్చిన మనిషి. తన జీవితంలో సగం పెట్టి చేసిన పని ఎంతవరకు ఫలించిందో తానే లెక్క చూసుకుని, ఇది చాలదు, దారి మార్చాలి అని నలుగురి ముందూ చెప్పగలిగిన సంస్కర్తలు మన దేశంలో చాలా తక్కువ. నారాయణ గురును ‘ఒకే కులం, ఒకే మతం, ఒకే దేవుడు’ అనే నినాదం దగ్గరే ఆపేసి చూస్తే ఈ సంగతి కనపడదు. ఆయన బతుకంతా ఒక మెట్టు ఎక్కి, ఆ మెట్టును వదిలి, పై మెట్టుకు పోవడమే.

1856లో తిరువనంతపురం దగ్గర చెంపళంతిలో పుట్టారు. ఇంట్లో నాణు అని పిలిచేవారు. తండ్రి మాడన్ ఆశాన్ పల్లెలో పిల్లలకు చదువు చెప్పేవారు. మేనమామ కృష్ణన్ వైద్యర్ ఆయుర్వేదం తెలిసినవారు. కులం ఈళవ. కల్లు గీత, కొబ్బరి సాగు, కొబ్బరి పీచు పని, నేత ఈ కులం వాళ్ల జీవనాధారాలు. అదే కులంలో కొన్ని కుటుంబాలకు వైద్యం, దానితోపాటు సంస్కృతం తరతరాలుగా ఉన్నాయి. చదువు ఉన్నా లేకపోయినా వీధిలోకి వస్తే అందరిదీ ఒకటే పరిస్థితి. కేరళ దక్షిణ భాగంలోని తిరువాంకూరు సంస్థానంలో పెద్ద గుళ్లలోకి ప్రవేశం లేదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద కూడా నడవకూడదు, సర్కారు ఉద్యోగం దొరకదు. నంబూద్రి, అంటే కేరళ బ్రాహ్మణుడు, ఎదురొస్తే ఇన్ని అడుగుల దూరం తప్పుకోవాలని లెక్క ఉండేది. ఈళవ కన్నా కింద ఉంచిన పులయల్లాంటి కులాలకు ఆ దూరం ఇంకా ఎక్కువ. ముట్టుకుంటేనే కాదు, దగ్గరికి వస్తేనే మైల అన్న పద్ధతి ఇంత లెక్కగా నడిచిన చోటు దేశంలో మరొకటి కనపడదు. వివేకానందుడు కేరళను పిచ్చాసుపత్రితో పోల్చింది ఇది చూసే.

నాణు కాయంకుళం వైపు వెళ్లి కుమ్మంపిళ్లి రామన్ పిళ్లై ఆశాన్ అనే పండితుడి దగ్గర కావ్యాలు, వ్యాకరణం, వేదాంతం చదువుకున్నారు. ఊరికి తిరిగొచ్చి కొన్నాళ్లు పిల్లలకు పాఠాలు చెప్పారు. ఇంట్లో వాళ్లు పెళ్లి చేశారు గానీ సంసారంలో నిలవలేదు. తిరుగుతూ తిరుగుతూ చట్టంబి స్వామి అనే సన్యాసిని కలిశారు. తైక్కాడ్ అయ్యావు దగ్గర యోగం నేర్చుకున్నారు. కన్యాకుమారి దగ్గర మరుత్వామల అనే కొండ మీద గుహలో చాలా కాలం తపస్సు చేశారు. ఆ తర్వాత నెయ్యార్ నది ఒడ్డున అరువిప్పురం అనే అడవి ప్రాంతానికి వచ్చారు. ఆయన ఏ కులం వాడని అడగకుండా జనం రావడం మొదలైంది.

1888 శివరాత్రి నాడు అక్కడ జరిగింది కేరళ చరిత్రలో ఎప్పటికీ చెప్పుకునే సంఘటన. అర్ధరాత్రి దాటాక నారాయణ గురు నెయ్యార్‌లో శంకరన్ కుళి అనే మడుగులోకి దిగి, ఒక రాయి పట్టుకుని పైకి వచ్చారు. ఒడ్డున ఒక బండే పీఠం. గర్భగుడి లేదు, యంత్రం లేదు, ప్రతిష్ఠ చేయించే ప్రధాన పూజారి, తంత్రి, లేడు. ఆ రాతిని గుండెలకు హత్తుకుని గంటల తరబడి కళ్ల నీళ్లు కారుతూ నిలబడ్డారనీ, చుట్టూ చేరిన జనం ‘నమశ్శివాయ’ అంటూ జపించారనీ, తెల్లవారుజామున ఆ రాతిని బండ మీద ఉంచారనీ ఆ రాత్రి అక్కడున్నవాళ్లు చెప్పగా తరాల నుంచి వింటున్న మాట. ప్రతిష్ఠ చేసే హక్కు బ్రాహ్మణుడికి మాత్రమే ఉందన్న సంప్రదాయం ఆ తెల్లవారుజామున తెగిపోయింది.

నువ్వు ప్రతిష్ఠ ఎలా చేస్తావని ఎవరో నిలదీస్తే, ‘మేం ప్రతిష్ఠించింది మా శివుణ్ణి’ అన్నారని ప్రసిద్ధి. ఈళవ శివుడు అన్న పేరు దాని నుంచే పుట్టింది. ఈ జవాబులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. మీ శివుడు మీకే ఉండనీ, మా దారి మేం చూసుకున్నాం, ఇందులో మీరు అభ్యంతరం చెప్పడానికి ఏముంది అన్నట్టు ఉంటుంది. మూసిన తలుపు ముందు నిలబడి దండం పెట్టడం ఆయన చేయలేదు, తలుపు బద్దలు కొట్టడమూ చేయలేదు. పక్కనే తలుపే లేని చోటు ఒకటి తయారు చేసి అందర్నీ పిలిచారు. అరువిప్పురంలో రాయించిన మాటలు కూడా ఆ ధోరణిలోనే ఉన్నాయి: కుల భేదం, మత ద్వేషం ఏవీ లేకుండా అందరూ సోదరుల్లా బతికే ఆదర్శ స్థలం ఇది. అక్కడ ఆ రోజు ఉన్నది ఒక బండ, ఒక రాయి. రాసింది మాత్రం ఒక సమాజం ఎలా ఉండాలో.

అరువిప్పురం గుడి వ్యవహారాలు చూడటానికి ఏర్పడిన చిన్న సంఘమే 1903లో శ్రీ నారాయణ ధర్మ పరిపాలన యోగంగా (యోగం అంటే ఇక్కడ సంఘం) పెరిగింది. దీని వెనక డాక్టర్ పల్పు ఉన్నారు. ఆయన కథ తెలిస్తే ఆ రోజుల్లో చదువుకున్న ఈళవ యువకుల్లో ఎంత కోపం రగులుతుండేదో అర్థమవుతుంది. తిరువాంకూరు వైద్య పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకున్నా కులం కారణంగా సీటు ఇవ్వలేదు. మద్రాసులో చదివి డాక్టరై తిరిగొస్తే ఉద్యోగం ఇవ్వలేదు. మైసూరు సంస్థానం ఇచ్చింది. బెంగళూరులో ప్లేగు వచ్చినప్పుడు ప్రాణాలకు తెగించి పనిచేసింది ఆయనే. 1896లో 13,176 మంది సంతకాలతో తిరువాంకూరు మహారాజుకు వినతిపత్రం ఇప్పించారు. చదువులో, ఉద్యోగాల్లో అవకాశం ఇవ్వండి అన్నది అందులోని కోరిక. ఫలితం రాలేదు. బెంగళూరులో కలిసినప్పుడు వివేకానందుడు ఆయనకు ఇచ్చిన సలహా ఒకటి చెబుతారు: ఈ దేశంలో జనాన్ని కదిలించాలంటే ఒక ఆధ్యాత్మిక గురువును ముందు పెట్టుకోండి అని. పల్పు చూపు నారాయణ గురు మీద పడింది. యోగానికి మొదటి కార్యదర్శిగా గురు శిష్యుడు, కవి కుమారన్ ఆశాన్ వచ్చారు. 1905లో కొల్లంలో జరిగిన వార్షిక సభతో పాటు పారిశ్రామిక, వ్యవసాయ ప్రదర్శన కూడా పెట్టారు. ఒక సన్యాసి పేరు మీద నడిచే సంఘం మగ్గాలు, పంటలు, చేతి పనులు ప్రదర్శనకు పెట్టడం వల్ల ఆ సంఘానికి మొదటి నుంచీ ఎలాంటి ఆలోచన ఉండేదో తెలుస్తుంది.

నారాయణ గురు వేదాంతి. అద్వైతి. శంకరుడి అద్వైతాన్నే ఆయన పట్టుకున్నారు. కానీ లోకంలో కులం ఉన్నంత కాలం అద్వైతం ఉపన్యాసాల్లోనే మిగిలిపోతుందన్న స్పష్టత ఆయనకు ఉంది. అందరిలో ఉన్నది ఒకటే ఆత్మ అని పొద్దున చెప్పి సాయంత్రం పక్కవాడు తాగిన గ్లాసును దూరం పెట్టే వేదాంతంతో ఆయనకు పని లేదు. కులం మీద ఆయన రాసిన పద్యాల్లో మొదటిది సంస్కృతంలో ఉంది: ‘మనుష్యాణాం మనుష్యత్వం జాతిర్గోత్వం గవాం యథా’. ఆవులకు గోత్వం ఎలాంటిదో మనుషులకు మనిషితనం అలాంటిది, అదే జాతి. బ్రాహ్మణత్వం లాంటివి అలా జాతి కావు, ఈ నిజం ఎవరికీ తెలియడం లేదే అని ఆ శ్లోకం రెండో సగంలో బాధ పడతారు. మరో చోట ఇంకా సూటిగా, కలిస్తే సంతానం కలిగేదంతా ఒకే జాతి అంటారు. పండితుడు తన తర్కశాస్త్రంతో ఒప్పుకోవాల్సిన మాట అది, పశువుల కాపరికి కూడా ఇట్టే తెలిసే మాట.

‘ఆత్మోపదేశ శతకం’ ఆయన రచనల్లో ముఖ్యమైనది, నూరు పద్యాలు. ఎంతో లోతైన ఆ వేదాంత గ్రంథం మధ్యలో, 24వ పద్యంలో, ఎవరికి వారు తమ సుఖం కోసం చేసే పని అవతలి వాళ్ల సుఖానికి కూడా పనికిరావాలి అంటారు. ఆత్మ ఒక్కటే అయితే నా సుఖం వేరు, నీ సుఖం వేరు ఎలా అవుతాయి? నీతి కోసం వేరే వాదన అక్కర్లేదు, అద్వైతం నుంచే అది దిగి వస్తుంది. ఇక ‘దైవ దశకం’ పిల్లలు పాడుకునే ప్రార్థన. పది చిన్న పద్యాలు. ఏ దేవుడి పేరూ లేదు. సంసార సాగరం దాటించే నావ అన్న పాత పోలికను తీసుకుని, ఆ నావను ఆవిరి ఓడ చేశారు. అరేబియా సముద్రంలో అప్పుడు తిరుగుతున్న స్టీమరే భగవంతుడి పాదం అయింది. ఇంకో పద్యంలో లోటు లేకుండా అన్నం, బట్ట ఇచ్చి కాపాడేవాడివి నువ్వే అని ఉంటుంది. మోక్షం అడిగే ముందు అన్నం, బట్ట గుర్తు చేసుకోవడంలో ఆ ప్రార్థన ఎవరి పిల్లల కోసం రాశారో తెలిసిపోతుంది.

ఆయన ప్రతిష్ఠించిన వాటిని కాలక్రమంలో చూసుకుంటూ వెళితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదట శివుడు. తర్వాత కొన్నేళ్లు శివుడు, సుబ్రహ్మణ్యుడు లాంటి దేవతలే. అంతకు ముందు చాలా చోట్ల జంతుబలి, కల్లు నైవేద్యంతో కొలిచే గ్రామ దేవతలు ఉండేవారు, వాళ్ల స్థానంలో వీళ్లు వచ్చారు. ఇందులో ఒక నష్టం ఉందని ఒప్పుకోవాలి. కింది కులాల సొంత దేవతలు, సొంత కొలుపులు పోయి పై కులాల పద్ధతే ఆదర్శమైందన్న విమర్శలో నిజం ఉంది. అయితే ఆయన అక్కడ ఆగలేదు. తలస్సేరిలో 1908లో, కోళికోడ్‌లో 1910లో, మంగళూరులో బిల్లవ కులం వాళ్ల కోసం 1912లో గుళ్లు వచ్చాయి. అదే 1912లో వర్కల దగ్గర శివగిరిలో శారదను, అంటే చదువుల తల్లిని ప్రతిష్ఠించారు. ఎనిమిది పలకల ఆ మందిరానికి గాలి, వెలుతురు వచ్చే కిటికీలు ఉన్నాయి. మామూలు గుళ్లలో జరిగే అభిషేకాలు, నైవేద్యాలు అక్కడ పెట్టలేదు. ఆ తర్వాత ఆలువాలో పెరియార్ నది ఒడ్డున అద్వైత ఆశ్రమం కట్టారు, అందులో విగ్రహమే లేదు. 1920ల మొదట్లో కారముక్కులో దీపం ప్రతిష్ఠించారు. మురుక్కుంపుళలో సత్యం, ధర్మం, దయ, శాంతి అన్న నాలుగు మాటలు చెక్కిన ఫలకం పెట్టారు.

1927లో చేర్తల దగ్గర కళవంకోడంలో గుడి కట్టుకున్న ఊరివాళ్లలో తగువు వచ్చింది. విగ్రహం ఉండాల్సిందే అన్నది ఒక వర్గం. చదువుకున్న కుర్రాళ్లు విగ్రహం వద్దన్నారు. గురు ఒక అద్దం తెప్పించి, వెనక ఉన్న పాదరసం పూతను గీకించి ‘ఓం శాంతి’ అన్న అక్షరాలు కనపడేలా చేయించి దాన్నే గర్భగుడిలో పెట్టారు. దర్శనానికి వచ్చినవాడికి కనపడేది తన మొహం. వాళ్ల తగువు తీర్చడానికి చేసిన పనిలాగా ఉంటుంది గానీ, నలభై ఏళ్ల ప్రయాణంలో అది సరిగ్గా చేరాల్సిన చోటే. ఆ ఊరివాళ్లలో ఎవరినీ ఓడించలేదు, ఎవరి మాటా తీసిపారేయలేదు. గుడి ఉంది, ప్రతిష్ఠ ఉంది, పూజించడానికి మాత్రం మనిషి తప్ప ఇంకేం మిగల్లేదు.

గుడి చుట్టూ తోట ఉండాలి, పూలూ పండ్ల చెట్లూ ఉండాలి, గ్రంథాలయం ఉండాలి, ఉత్సవాలకు ఏనుగులూ వద్దు, బాణసంచా వద్దు అన్నారు. డబ్బు విషయంలో ఆయన పట్టింపు ఒక ఇంటి పెద్ద పట్టింపులా ఉంటుంది. ఆడపిల్ల పెద్దమనిషి కాకముందే తాళి కట్టే తంతు, పెద్దమనిషి అయినప్పుడు చేసే పెద్ద వేడుక, సీమంతం లాంటి ఇంకో వేడుక, వీటన్నిటికీ అప్పులు చేసి భోజనాలు పెట్టడం ఈళవ కుటుంబాలను తినేసేది. వీటిని ఆపించారు. పెళ్లికి పది మంది చాలన్నారు: వధూవరులు, వాళ్ల తల్లిదండ్రులు, ఇద్దరికీ చెరో తోడు, పురోహితుడు, ఊరి పెద్ద ఒకరు. మిగిలిన డబ్బు ఆ దంపతుల పేర వేయమన్నారు. ఇవాళ మన వైపు పెళ్లి ఖర్చుల్ని తలుచుకుంటే ఈ లెక్క ఎంత గట్టిదో తెలుస్తుంది.

కల్లు విషయంలో మాత్రం ఆయన మాట కటువుగా ఉంటుంది. మద్యం విషం, దాన్ని తయారు చేయొద్దు, ఇవ్వొద్దు, తాగొద్దు అన్నారు. అంతటితో ఆగక, గీసేవాడి ఒళ్లు కంపు, బట్ట కంపు, ఇల్లు కంపు, వాడు ముట్టుకున్నదంతా కంపు అన్నారు. తరతరాలుగా కొబ్బరి చెట్లెక్కి ప్రాణాలు పణంగా పెట్టి బతికిన మనిషిని ఇలా అనడం వినడానికి బాధగానే ఉంటుంది. గీత కార్మికుల కుటుంబాలు తెలుగు నేల మీదా ఉన్నాయి, చెట్టు మీద నుంచి పడి నడుం విరిగిన వాళ్లు తెలియని ఊరు ఉండదు. గీసేవాడికన్నా అబ్కారీ కాంట్రాక్టుల్లో సంపాదించిన వాళ్లే సమాజంలో పెద్దమనుషులుగా చలామణీ అయ్యారు, వాళ్లలో కొందరు గురు పేరు మీద నడిచే సంఘాల్లోనే ఉన్నారు. అయినా ఆ మాట వెనక ఉన్న ఆత్రం తప్పుబట్టలేనిది. కులాన్ని వృత్తికి కట్టేసిన చోట, ఆ వృత్తిని వదిలించకుండా మనిషిని పైకి తేవడం కుదరదని ఆయన అనుకున్నారు.

అయితే ఆయనకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది సొంత మనుషుల దగ్గరే. 1916 మే నెలలో డాక్టర్ పల్పుకు ఆయన రాసిన ఉత్తరం చిన్నది. యోగం తీర్మానాలన్నీ తమకు తెలియకుండానే పాస్ చేస్తున్నారనీ, యోగానికి కులాభిమానం పెరుగుతోందనీ రాస్తూ, ఇదివరకే మనసులోంచి వదిలేసిన యోగాన్ని ఇప్పుడు మాటలోంచీ చేతలోంచీ కూడా వదిలేస్తున్నాం అని ముగించారు. తన పేరు మీద పుట్టిన సంఘం నుంచి తానే తప్పుకున్నారు. అదే ఏడాది, తమకు కులం లేదని, తమను ఒక కులానికి చెందినవారిగా లెక్కపెట్టి దాని మీద ఆధారపడి ఎవరైనా మాట్లాడితే అది నిజం కాదని ప్రకటన ఇచ్చారు.

ఈ రెండు కాగితాలూ నారాయణ గురును అర్థం చేసుకోవడానికి కీలకం. కింద ఉంచిన కులం తన ఆత్మగౌరవం కోసం లేచి నిలబడాలి, అందుకు సంఘం కావాలి. ఆ సంఘమే రేపు మా కులం గొప్ప అనే చోటికి చేరితే, తనకన్నా కింద ఉన్నవాణ్ణి చూసే చూపు మారదు. ఈళవలను గుడిలోకి రానివ్వని నంబూద్రిని తిట్టే ఈళవ ఇంటిలోకే పులయకు ప్రవేశం ఉండేది కాదు. అందుకే ఆయన దళిత పిల్లలను ఆశ్రమంలో చేర్చుకుని చదివించారు, వంటింట్లోకీ పంపారు. శివగిరికి భక్తితో వచ్చి భోజనానికి కూర్చున్న పెద్ద కుటుంబాల వాళ్లు ఎవరు వండారో తెలిసి నోట మాట లేక ఉండిపోయిన కథలు కేరళలో చాలానే చెబుతారు.

ఆయన శిష్యుడు అయ్యప్పన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1917లో చెరాయిలో ఈళవలను, పులయలను పక్కపక్కన కూర్చోబెట్టి సహపంక్తి భోజనం చేయించాడు. ఊరంతా వెలేసింది. పులయన్ అయ్యప్పన్ అని పేరు పెట్టి ఎగతాళి చేసింది. ఆ పేరునే అతను గౌరవంగా తీసుకున్నాడు. ‘ఒకే కులం, ఒకే మతం, ఒకే దేవుడు’ అన్న గురు మాటను మార్చి మనిషికి కులం వద్దు, మతం వద్దు, దేవుడు వద్దు అని కూడా రాశాడు. తన మాటను ఇలా తలకిందులు చేసిన శిష్యుణ్ణి గురు దూరం పెట్టలేదు. 1921లో తన చేత్తో రాసి ఇచ్చిన సందేశంలో, మతం, వేషం, భాష ఎంత వేరైనా మనుషులంతా ఒకే జాతి కాబట్టి వాళ్ల మధ్య పెళ్లిళ్లు, కలిసి తినడం జరిగితే ఏ దోషమూ లేదన్నారు. ఒక సన్యాసి తన తర్వాతి తరం నాస్తికుడి పనికి ఇలా రాతపూర్వకంగా అండ నిలబడటం ఎంత పెద్ద విషయమో ఆ కాలాన్ని బట్టి చూడాలి.

వైకోం సత్యాగ్రహం దగ్గర తెలుగు నేల కూడా కాస్త వస్తుంది. వైకోం మహాదేవుడి గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద ‘అవర్ణులు’, అంటే కింది కులాలవాళ్లు, నడవకూడదన్న నిషేధాన్ని ఎదిరించాలన్న పట్టుదలతో, గురు అనుచరుడు టి.కె. మాధవన్ 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభకు వచ్చాడు. అస్పృశ్యత నిర్మూలనను కాంగ్రెసు తన కార్యక్రమంగా పట్టించుకోవాలన్న తీర్మానం ఆ సభలో నెగ్గింది. 1924 మార్చి 30న వైకోంలో సత్యాగ్రహం మొదలైంది. వైకోంలోని తన మఠాన్ని గురు సత్యాగ్రహులకు వదిలిపెట్టారు, వెయ్యి రూపాయలు ఇచ్చారు, స్వయంగా వచ్చి వాళ్లతో గడిపారు. అయితే వానలో తడుస్తూ కంచె ముందు నిలబడటం ఎందుకు, కంచె దాటి వెళ్లండి, గుడిలోకే వెళ్లండి అని ఆయన అన్నట్టు పత్రికల్లో వచ్చింది. గాంధీ దాన్ని ఒప్పుకోలేదు, అది సత్యాగ్రహం కాదన్నారు. శాంతమూర్తిగా మనం బొమ్మల్లో చూసే గురు మాటల్లో ఇంత తీవ్రత ఉందని చాలామందికి తెలియదు.

1925 మార్చిలో గాంధీ శివగిరి వచ్చారు. వాళ్ల సంభాషణ అనువాదకుడి సాయంతో నడిచింది. అస్పృశ్యత పోవడం కాక ఈ ప్రజలకు ఇంకేం కావాలని గాంధీ అడిగారు. చదువు, సంపద కావాలన్నారు గురు. మతం మారితేనే స్వేచ్ఛ వస్తుందని కొందరు అంటున్నారు కదా అని అడిగితే, మారినవాళ్లు స్వేచ్ఛగా ఉండటం చూస్తున్నాక అలా అనేవాళ్లను తప్పు పట్టలేం అన్నారు. మోక్షానికి హిందూ మతం చాలదా అంటే, మిగతా మతాల్లోనూ మోక్ష మార్గం ఉంది కదా అన్నారు. చివరికి హిందూ మతం సరిపోతుందని ఒప్పుకుంటూనే, జనం కోరుతున్నది లౌకికమైన స్వేచ్ఛ అని గుర్తు చేశారు. ఆవరణలోని మామిడి చెట్టు ఆకుల్లో ఎన్ని రకాలో చూడండి, మనుషుల్లోనూ తేడాలు అలాగే సహజం అని గాంధీ అన్నప్పుడు, ఏ ఆకు నమిలినా రసం రుచి ఒకటే అన్నది గురు జవాబు. గాంధీ ఆ రోజుల్లో వర్ణ వ్యవస్థను ఇంకా పూర్తిగా వదులుకోలేదు. ఆ తర్వాతి కాలంలో ఆయన ఆలోచన మారిన తీరులో కేరళ అనుభవానికి ఎంతో కొంత భాగం ఉంది. వైకోంలో 1925 చివర గుడికి మూడు వైపుల రోడ్లు అందరికీ తెరిచారు, తూర్పు వైపుది అప్పటికి మూసే ఉంచారు. తిరువాంకూరులో సంస్థానం గుళ్లలోకి అందరికీ ప్రవేశం దొరికింది 1936 నవంబరు 12న. గురు అప్పటికి లేరు. 1928 సెప్టెంబరు 20న శివగిరిలో కన్నుమూశారు.

ఆ చివరి ఏడాది మొదట్లో జరిగినదొకటి చెప్పుకోవాలి. 1928 జనవరిలో కొట్టాయంలోని నాగంపడం గుడి దగ్గర కొందరు భక్తులు ఆయన్ని కలిసి, కేరళలోని ఈళవలకు ఒక తీర్థయాత్ర కావాలి, అది శివగిరికి చేయాలనుకుంటున్నాం, అనుమతి ఇవ్వండి అన్నారు. సరేనన్నారు. పది రోజుల వ్రతం చాలు అన్నారు. ఏ రంగు బట్టలు కట్టుకోవాలన్న ప్రశ్న వస్తే, తెలుపు గృహస్థులది, కాషాయం సన్యాసులది, ఈ యాత్రకు పసుపు కట్టుకోండి అన్నారు. కొత్త బట్టలు, పట్టుబట్టలు కొనొద్దు, ఉన్న తెల్ల బట్టనే పసుపు నీళ్లలో ముంచుకోండి అని వివరంగా చెప్పారు. ఇంత కష్టపడి యాత్ర చేసి ఏం సాధిస్తారని ఆయనే అడిగి, ఆయనే జవాబు చెప్పారు: చదువు, శుభ్రత, దైవభక్తి, సంఘటితం కావడం, వ్యవసాయం, వ్యాపారం, చేతి పనులు, సాంకేతిక శిక్షణ. ఈ ఎనిమిది విషయాల మీద తెలిసినవాళ్లతో ఉపన్యాసాలు పెట్టించండి, జనం శ్రద్ధగా వినాలి, విన్నది చేయాలి, అప్పుడే ఈ యాత్రకు అర్థం అన్నారు. పుణ్యం మాట లేదు. ఏటా డిసెంబరు 30 నుంచి జనవరి 1 వరకు పసుపు బట్టల్లో లక్షల మంది శివగిరికి ఇప్పటికీ వెళుతున్నారు, ఆ సభలు ఇప్పటికీ ఆ ఎనిమిది విషయాల చుట్టూనే జరుగుతాయి.

2024 చివర జరిగిన ఆ సభల్లో శివగిరి మఠాధిపతి ఒక విషయం లేవనెత్తారు. మగవాళ్లు గుడిలోకి వెళ్లేటప్పుడు చొక్కా విప్పాలన్న ఆచారం జంధ్యం ఉందో లేదో చూసేందుకు పుట్టినదనీ, దాన్ని తీసేయాలనీ అన్నారు. అప్పటి ముఖ్యమంత్రి పినరయి విజయన్ సమర్థించారు, పెద్ద దుమారం రేగింది. కొన్ని నెలలకే, 2025 మార్చిలో, ఇరింజాలకుడ కూడల్‌మాణిక్యం గుడిలో పూలమాలలు కట్టే ఉద్యోగానికి నియామక పరీక్ష ద్వారా ఎంపికైన ఈళవ యువకుడి మీద తంత్రులు అభ్యంతరం చెప్పారు. అతన్ని ఆఫీసు పనికి మార్చాల్సి వచ్చింది, ఆ తర్వాత అతనే ఉద్యోగం వదులుకున్నాడు. చదువులో, ఆరోగ్యంలో దేశానికే ముందున్న రాష్ట్రంలో ఇది జరిగింది. కేరళ అంత ఎదగడానికి వేసిన పునాదుల్లో గురు చెప్పిన బళ్లు ఉన్నాయి, మిషనరీల బళ్లు ఉన్నాయి, అయ్యంకాళి పులయ పిల్లల చదువు కోసం నడిపిన పోరాటం ఉంది. గర్భగుడి గడప దగ్గర మాత్రం ఆ చదువు ఇంకా పనిచేయడం లేదు.

గురు ఆలోచన యోగంలో కన్నా ఆయన శిష్యుల్లో ఎక్కువ నిలిచింది. ఆనంద తీర్థులు పుట్టుకతో గౌడ సారస్వత బ్రాహ్మణుడు. గురు చివరి రోజుల్లో శిష్యుడై, ఆ తర్వాత పయ్యన్నూరులో దళిత పిల్లలను చదివించడానికి జీవితమంతా పెట్టారు. ఇంకో శాఖ తెలుగు నేలకే వచ్చింది. గురు తొలి శిష్యుల్లో ఒకరైన శివలింగ స్వామి దగ్గర చదువుకున్న వేలప్ప అనే కుర్రవాడు తిరుమల చేరి, చాలా కాలం తపస్సు చేసి, 1926లో తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు దగ్గర వ్యాసాశ్రమం స్థాపించారు. ఆయనే మలయాళ స్వామి. ఆడవాళ్లకూ శూద్రులకూ వేదాంతం, ఓంకారం అధికారం లేదన్న పండితులతో ఆయన దశాబ్దాల పాటు శాస్త్రం ఆధారంగానే వాదించారు, అన్ని కులాల పిల్లలకూ ఆడపిల్లలకూ సంస్కృతం నేర్పారు. 1962లో కన్నుమూసే దాకా అదే పని. శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమంలో గీత మీద ఉపన్యాసాలతో ఊరూరా పేరు తెచ్చుకున్న విద్యాప్రకాశానందగిరి స్వామి ఆయన శిష్యులే. తెలుగువాళ్లలో ఎందరో ఆ గీతా వ్యాఖ్యానం ఇంట్లో పెట్టుకుని చదువుకున్నారు. దాని గురు పరంపరలో నెయ్యార్ ఒడ్డున నిలబడిన ఈళవ సన్యాసి ఉన్నారని తెలిసిన వాళ్లు మాత్రం తక్కువ.